జీలుగు నీడన: అడ్డతీగల కొండల్లో ఇంటి కల్లు, ఇంటి కూడు

తూర్పు కనుమల్లో రంపచోడవరానికి తూర్పున ఉన్న అడ్డతీగల చుట్టుపక్కల గూడేల్లో, ఇంటి అవసరానికి ఇంటివారే దించుకునే కల్లును తిండి నుంచి వేరుచేసి చూసే అలవాటు లేదు. మైదానంలో కల్లు అనగానే దుకాణం, వేలంపాట, వ్యసనం ముందుగా మనసుకు వస్తే, ఈ కొండల్లో ఆ మాటతో పాటు చెట్టు, రుతువు, చుట్టాలు, ఆకు దొప్ప, దానితో నంజుకునే కూర అన్నీ కలిసి గుర్తుకు వస్తాయి. ఇంట్లో తయారై ఇంటి చుట్టూ ఉన్నవారితో పంచుకునే పానీయం వేరు, లాభం కోసం తయారై తెలియనివారికి అమ్ముడుపోయే పానీయం వేరు అన్న సంగతిని ఇక్కడి సమాజం ఎన్నడో గ్రహించింది. రాజ్యం ఆ తేడాను పట్టించుకోకపోవడం వల్ల ఈ కొండల్లో ఒకప్పుడు పెద్ద తిరుగుబాటే జరిగింది. ఆ పానీయం ఎలా తయారవుతుందో, దానితో ఏమి తింటారో, ఆ తేడాను చెరిపివేసినప్పుడు ఏమి జరిగిందో వివరించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ఈ ప్రాంతంలో కొండరెడ్లు, కోయదొరలు, కొండకమ్మరులు, కొండదొరలు, వాల్మీకులు నివసిస్తున్నారు. వీరిలో కొండరెడ్లు తెలుగునే మాతృభాషగా మాట్లాడే ఆదివాసులు. పోడు, అంటే కొండవాలులో చెట్టూ చేమా కొట్టి కాల్చి ఆ బూడిదలో విత్తుకునే వ్యవసాయం, వారి పాత జీవనాధారం. కల్లునిచ్చే చెట్లు ఇక్కడ ప్రధానంగా మూడు: మైదానానికి దగ్గరగా తాడి, వాగుల వెంట ఈత, తేమ నిలిచే లోయల్లో జీలుగు. మూడింటి కల్లూ తాగుతారు గానీ, కొండవారి మనసులో పెద్దపీట జీలుగుదే. తాడీ ఈతా మైదానపు రైతుకూ ఉన్నాయి కాబట్టి, అడవి సొంత చెట్టుగా జీలుగునే ఎంచడంలో న్యాయముంది.

వృక్షశాస్త్రజ్ఞులు కారియోటా యూరెన్స్ అని పిలిచే జీలుగు తాటి కుటుంబానికే చెందినా, ఆకు చీలికలు చేపతోకల్లా ఉండడం వల్ల దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. ఈ చెట్టు పుట్టిన పది పదిహేనేళ్ళ వరకు పూయదు. అన్నేళ్ళూ మొదలులో పిండిపదార్థాన్ని దాచుకుంటూ పైకి ఎదుగుతుంది. పూత మొదలైన తరువాత మొదటి గెల తలభాగాన వస్తుంది, తరువాతివి ఒకదాని కింద ఒకటిగా దిగుతూ వస్తాయి, కొన్నేళ్ళకు అట్టడుగు గెల కూడా వచ్చిపోయాక చెట్టు చచ్చిపోతుంది. అంటే జీలుగు జీవితకాలంలో ఒకేసారి పూతకాలంలోకి అడుగుపెట్టి, దాచుకున్నదంతా ఆ కొన్నేళ్ళలోనే ఖర్చుచేసుకునే చెట్టు. గీతగాడు చేసేదల్లా ఆ ఖర్చును పూలకూ కాయలకూ పోనివ్వకుండా కుండలోకి మళ్ళించడమే. శ్రీలంకలో కితుల్ అనే పేరుతో ఇదే చెట్టు నుంచి పానకాన్నీ బెల్లాన్నీ తీస్తారు. ఒడిశా కొండల్లో దీనినే సలప అంటారు.

జీలుగు ఎక్కడం తాడి ఎక్కడం లాంటిది కాదు. నున్నని మానుకు పొడవైన వెదురును నిలువునా ఆనించి కట్టి, ఆ వెదురు కణుపుల దగ్గర కొమ్మల మొదళ్ళను బెత్తెడేసి వదిలి నరకడంతో ఏర్పడిన మెట్ల మీద కాలి వేళ్ళు మోపి పైకి పోతారు. గెల ఇంకా పొత్తిలో ఉండగానే, అంటే పూలను కప్పి ఉంచే పొర విచ్చుకోకముందే, దానిని సిద్ధం చేసుకుని కొస కోసి కింద కుండ కడతారు. ఆ తరువాత పొద్దునా సాయంత్రమూ ఎక్కి, కోసిన చోట పలుచని బిళ్ళ మాత్రమే చెక్కాలి. కత్తి లోతుగా దిగితే గెల త్వరగా తరిగిపోతుంది, చెక్కకుండా వదిలేస్తే గాయం మానిపోయి ఊట నిలిచిపోతుంది. అందుకే ఊట మొదలైన చెట్టును పూటపూటా కనిపెట్టుకుని ఉండాలి, జ్వరం వచ్చినా పెళ్ళి వచ్చినా ఆ పని ఇంకొకరికి అప్పగించాలి. గీత కత్తిని ఆ పనికి తప్ప వేరే దేనికీ వాడరు, దాని వాదర మీద ఉన్న శ్రద్ధ పొలం కొడవలి మీద కనిపించదు. ఏ జీలుగు ఏ ఇంటివారిదో, ఎవరి చెట్టు ఈ ఏడు పారుతున్నదో, ఎవరిది వచ్చే ఏటికి అందివస్తుందో గూడెంలో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. శీతాకాలంలో మొదలయ్యే ఊట ఎండాకాలమంతా సాగి వానలతో ముగుస్తుంది.

గెల నుంచి జారే రసం మొదట తియ్యని నీరు, అంటే నీరా మాత్రమే. అందులో నూటికి పది పన్నెండు పాళ్ళు చక్కెర ఉంటుంది. పులియడం అనే క్రియ ఆ రసం కుండలో పడిన క్షణం నుంచే మొదలవుతుంది. నిన్నటి కల్లు ఆనవాళ్ళు మిగిలిన కుండ అంచుల్లో, గాలిలో, గెలను ముసిరే తేనెటీగల కాళ్ళకు అంటుకుని ఈస్టు అనే ఏకకణ జీవులు ఉంటాయి. అవి చక్కెరను తిని సారాయినీ బొగ్గుపులుసు వాయువునూ విడుదల చేస్తాయి. కుండ మూతి దగ్గర కనిపించే నురగ ఆ వాయువు చేసే పనే. వాటికి తోడుగా జైమోమోనాస్ అనే బాక్టీరియా సారాయిని తయారుచేస్తుంది, పెరుగును తోడుపెట్టే జాతికి చెందిన బాక్టీరియాలు పులుపును చేరుస్తాయి. చక్కెరలో దాదాపు సగం బరువు సారాయిగా మారుతుంది కాబట్టి, ఉన్న చక్కెరంతా కరిగినా కల్లు ఘాటు నూటికి అయిదారు పాళ్ళను మించదు, బార్లీ బీరుతో దాదాపు సమానంగా నిలుస్తుంది. ఇందువల్ల కల్లుకు గంటల లెక్కన వయసు ఉంటుంది: తెల్లవారి దించినది తీపి, మధ్యాహ్నానికి పుల్లతీపి, సాయంత్రానికి ఘాటు, రెండోనాటికి గాలిలోని మరో రకం బాక్టీరియా దానిని పులుసుగా, అంటే వినిగర్‌గా మార్చివేస్తుంది. నిలవ ఉండని పానీయాన్ని దాచుకోవడం సాధ్యం కాదు, దూరం పంపడమూ కష్టం. దించిన పూటనే నలుగురూ కూడి తాగక తప్పదు. కల్లు చుట్టూ అల్లుకున్న పంపకపు మర్యాదలో మంచితనంతో పాటు ఈ రసాయన ధర్మం కూడా పనిచేసిందని చెప్పడం సబబుగా ఉంటుంది.

ఆ మర్యాద తీరు ఇలా ఉంటుంది. చెట్టు దిగిన కుండలో తేనెటీగలు, చీమలు తేలుతుంటే నారపీచును అడ్డం పెట్టి వడగడతారు. ఆనప బుర్రలోకి వంచుకుని నలుగురు కూర్చునే చెట్టు నీడకు తెస్తారు. తాగే ముందు నాలుగు చుక్కలు నేల మీద వొంపడం, పోయిన పెద్దలకూ భూదేవికీ ముందు వాటా ఇచ్చినట్టు. గిన్నెల అవసరం లేకుండా, పచ్చి ఆకును మడిచి దొప్పగా పట్టుకుంటే బుర్రలోంచి పోస్తారు. దారిన పోయేవాడు ఆ నీడకు వస్తే అతనికీ ఒక దొప్ప దక్కుతుంది. ఈ రోజు తన చెట్టు పారినవాడు పోస్తాడు, రేపు మరొకరి చెట్టు పారుతుంది, పోసినవాడు తాగేవాడవుతాడు. ఈ రాకపోకలకు ఎవరూ లెక్క రాయకపోయినా ఎవరూ మరిచిపోరు. పెళ్ళి సంబంధం మాట్లాడడానికి వెళ్ళే మగపిల్లవాడి తరఫువారు కల్లుతో వెళ్ళడం, కులపంచాయతీలో తగవు తీరిన తరువాత ఇరుపక్షాలూ ఒకే చోట కూర్చుని తాగడం, కొత్తల పండుగల్లో దేవతకు పెట్టిన తరువాతే తాము ముట్టడం కూడా ఈ మర్యాదలో భాగమే. కొండరెడ్ల గూడెంలో పెద్దకాపు, అంటే ఊరి పెద్ద, ఇలాంటి కూటములకు సాక్షిగా ఉంటాడు.

కల్లుతో తినేది ఏమిటన్నది ఇంకా రసవత్తరమైన విషయం. చోళ్ళు, అంటే రాగులు విసిరిన పిండిని ముందురోజు నీళ్ళలో కలిపి పులియనిచ్చి, మరునాడు నూకలతో ఉడికించి చేసే అంబలి ఈ కొండల్లో నిత్యాహారం. ఇది కూడా బాక్టీరియా పులియబెట్టినదే కాబట్టి, కల్లు బుర్రా అంబలి బుర్రా ఒకే విద్యకు రెండు కొమ్మలని చెప్పవచ్చు. కల్లు పక్కన మాత్రం కారంగా, ఉప్పగా, కొంచెం నమలవలసినదిగా ఉండే నంజుడు కావాలి. తీరం నుంచి సంతకు వచ్చే ఎండుచేపలను నిప్పుల మీద కాల్చి, ఎండుమిరపకాయతో చిదిపి అలాగే నంజుకుంటారు. కల్లు పులుపు చేప ఉప్పును విరుస్తుంది, చేప ఉప్పు మళ్ళీ కల్లు మీదకు మనసు పోనిస్తుంది. వానల్లో మొలిచిన వెదురు కొమ్ములను సన్నగా తరిగి, ఉడికించిన నీళ్ళు పారబోసి చేదూ విషమూ పోగొట్టి, ఎండబెట్టి దాచుకున్నవి వేసవిలో కూరకు పనికివస్తాయి. ఊరికి పేరిచ్చిన అడ్డతీగ కాయల్లోని గింజలను నిప్పుల్లో వేయించి పగలగొట్టుకుని తింటారు, దాని వెడల్పాటి ఆకులు విస్తళ్ళవుతాయి. చింతచిగురు వచ్చే రోజుల్లో నాటుకోడిని దానితో వండితే అది పండుగ వంట. మారేడుమిల్లి, అరకు దారుల్లో యాత్రికులు బొంగు చికెన్ అని కొనుక్కునేది, కోడి ముక్కలను పచ్చి వెదురు బొంగులో కూరి ఆకుతో మూతి బిగించి మంటలో తిప్పే వంట. ఏ పాత్రా లేని చోట వెదురే పాత్రగా అడవిలో పుట్టిన ఆ పద్ధతిలో నూనె చుక్క కూడా అక్కరలేదు. పడిపోయిన ఈత, జీలుగు మొదళ్ళు కుళ్ళేటప్పుడు వాటిలో పెరిగే లావుపాటి పురుగులను వేయించుకుని తినేవారు కూడా ఉన్నారు. కొవ్వు, మాంసకృత్తులు అరుదుగా దొరికే తిండిలో వాటి విలువ తెలియనివారికే అది వింతగా తోస్తుంది.

పంట గింజలు అడుగంటి, కొత్త పంట ఇంకా వేయని ఎండాకాలపు నెలల్లో ఈ తిండి స్వరూపమే మారిపోయేది. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940ల ఆరంభంలో పాపికొండల కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో వెలువరించిన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ గ్రంథంలో, ఆ నెలల్లో జీలుగు కల్లు వారికి పానీయంగా కంటే ఆహారంగా ఎక్కువ అక్కరకు వస్తుందని గమనించాడు. ఆకలిని ఆపే శక్తి దానిలోని మిగులు చక్కెరలో, సారాయిలో, ఈస్టు ఇచ్చే బి విటమిన్లలో ఉంది. కల్లు చాలనప్పుడు మామిడి టెంకలను ఎండబెట్టి పగలగొట్టి, లోపలి జీడిని నీళ్ళు మార్చి మార్చి నానబెట్టి వగరు తీసి, పిండి చేసి అంబలి కాచేవారు. అదీ చాలనప్పుడు గెలలన్నీ అయిపోయిన జీలుగునో, ఇంకా పూయని జీలుగునో కూల్చి, మొదలులోని మెత్తని బెండును దంచి, నీళ్ళలో కలిపి వడగట్టి, అడుగున పేరుకున్న తెల్లని పిండితో జావ కాచుకునేవారు. సగ్గుబియ్యపు పిండికి దగ్గరైన పిండి అది. పూయని చెట్టును కూల్చి తింటే రేపటి కల్లు ఈ రోజే తిన్నట్టు కాబట్టి, ఆ గొడ్డలి దెబ్బ వెనుక ఎంత కరువు ఉండేదో ఊహించవచ్చు.

ఉత్తరాన అరకు లోయ దాటి కోరాపుట్ వైపు పోయేకొద్దీ చెట్టు కల్లుతో పాటు గింజ కల్లు కనిపిస్తుంది. బియ్యం, చోళ్ళు వంటి ధాన్యంతో ఇంట్లో కట్టే ఈ పలుచని పానీయాన్ని కోరాపుట్, బస్తర్ సీమల్లో లంద అంటారు. ఇక్కడ ఒక శాస్త్ర విషయం తెలుసుకోవాలి: ఈస్టు చక్కెరను మాత్రమే తినగలదు, గింజలో ఉన్నది పిండి, కాబట్టి ముందు పిండిని చక్కెరగా విరగదీయాలి. మొలకెత్తే గింజ తన అవసరం కోసం అమైలేజ్ అనే ఎంజైమును, అంటే రసాయన మార్పును త్వరపెట్టే మాంసకృత్తిని, తానే తయారు చేసుకుంటుంది. అందుకని జొన్ననో మొక్కజొన్ననో చోళ్ళనో నానబెట్టి మొలకెత్తించి, ఎండబెట్టి దంచిన పొడిని ఆవిరిపై ఉడికించిన పిండిలో కలిపి, నీళ్ళు పోసి కుండకు మూత పెడతారు. రెండు మూడు రోజుల్లో కుండ పొంగుతుంది. బవేరియాలో 1516లో వచ్చిన ప్రసిద్ధ బీరు శాసనం బార్లీ, హాప్స్ పువ్వు, నీరు తప్ప వేరేవి వాడరాదని ఆజ్ఞాపించినప్పుడు ఆ దేశపు బీరు వెనుక ఉన్న విద్య కూడా ఇదే. మొలకెత్తిన బార్లీని సుమారు 65 డిగ్రీల వేడినీటిలో నానబెట్టి పిండిని చక్కెరగా మార్చుకోవడమే ఆ విద్యలో సగం. బీరుకు ఇతర దేశాల్లో ఉన్న పేరుప్రతిష్ఠలు లందకు లేకపోయినా, కొలిమీ ఉష్ణమాపకమూ లేకుండా చేతి స్పర్శతోనే ఆ వేడిని, ఆ తడిని కనిపెట్టే కొండ స్త్రీల నైపుణ్యం ఏ మాత్రం తక్కువది కాదు. చెట్టెక్కేది మగవారైతే గింజ కల్లు కట్టేది ఎక్కడ చూసినా ఆడవారే. మానవశాస్త్రజ్ఞుడు వెరియర్ ఎల్విన్ 1950లో ప్రచురించిన ‘బోండో హైలాండర్’లో మాచ్‌ఖండ్ అవతలి బోండా కొండల్లో జీలుగుకు ఉన్న స్థానాన్ని విస్తారంగా వర్ణించాడు, భాష మారినా చెట్టు మీద మమకారం మారలేదు.

ఇప్పపువ్వు సారా సంగతి వేరు. వసంతంలో రాలిన పువ్వును ఎండబెట్టి, నానబెట్టి పులియబెట్టాక దానిని కాచి, ఆవిరిని చల్లార్చి బొట్టు బొట్టుగా పట్టుకుంటారు. బట్టీ పెట్టడం అంటే ఇదే. ఇలా కాచినది కల్లు కంటే ఎన్నో రెట్లు ఘాటుగా ఉండి, నెలలకొద్దీ చెడిపోకుండా నిలుస్తుంది కాబట్టి సంతకూ వ్యాపారికీ అనువుగా ఉంటుంది. ఈ ప్రసంగానికి ముఖ్యమైనది నిలవ ఉండని కల్లే.

ఆ కల్లు మీదే 19వ శతాబ్దపు రాజ్యం కన్ను పడింది. రంప ప్రాంతం అప్పట్లో మన్సబుదారు అనే స్థానిక పాలకుడి కింద, అతనికి లోబడిన ముఠాదారుల చేతుల్లో ఉండేది. ముఠా అంటే కొన్ని గూడేల సముదాయం. మన్సబుదారు కల్లు చెట్ల మీద చిగురు పన్ను పేరుతో పన్ను వసూలు చేసేవాడు. అది చాలదన్నట్టు, ఇంటి వాడకానికి సైతం కల్లు గీయరాదన్న మద్రాసు ప్రభుత్వపు ఆబ్కారీ నిబంధనలను 1870ల చివర ఈ కొండల్లోనూ అమలు పెట్టారు. ఆబ్కారీ అంటే మత్తు పానీయాల మీద సర్కారు వసూలు చేసే సుంకం. ఆ సుంకాన్ని వసూలు చేసుకునే హక్కును మైదానపు గుత్తేదారులకు పాటకు ఇచ్చారు. పాట పాడుకున్నవాడు తాను కట్టిన సొమ్మును రాబట్టుకోవాలి కాబట్టి, తాత నాటి నుంచి తన ఇంటి వెనుక ఉన్న జీలుగు ఎక్కిన మనిషి ఒక్క రాత్రిలో దొంగ అయ్యాడు. అదనంగా మన్సబుదారు మొదలు పన్ను అనే కొత్త పన్ను కూడా వేయబోతున్నాడన్న వార్త పొక్కింది. పోలీసుల దౌర్జన్యం, అప్పుల పేరుతో మైదానపు వ్యాపారులు కోర్టులకు ఈడ్చడం, అడవి మీద ఆంక్షలు అన్నీ ఆ కోపానికి ఇంధనమే అయినా, నిప్పు రాజుకున్నది కల్లు దగ్గరే.

1879 మార్చిలో రంపలో మొదలైన తిరుగుబాటు వేగంగా చుట్టుపక్కల కొండలకు పాకింది. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య వంటివారు ముందు నడిచారు; ఎల్లవరం సీమలో చంద్రయ్య దండు అడ్డతీగల పోలీసు స్టేషన్‌ను తగలబెట్టింది. తిరుగుబాటు గూడెం కొండలకూ రేకపల్లి వైపుకూ వ్యాపించడంతో మద్రాసు పదాతి దళాలను, హైదరాబాద్ కంటింజెంటు సైన్యాన్ని కూడా దింపవలసి వచ్చింది. 1880లో తమ్మన్నదొర, చంద్రయ్య హతులయ్యాక ఉద్యమం అణగింది గానీ, ప్రభుత్వం స్వయంగా జరిపించిన విచారణే మన్సబుదారు పాలననూ కల్లు నిబంధనలనూ తప్పుపట్టింది, మన్సబుదారును పదవి నుంచి తొలగించి ముఠాదారులతో నేరుగా ఒప్పందాలు చేసుకున్నారు. చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ 1839 నుంచి 1924 వరకు సాగిన గూడెం రంప పితూరీలను, అంటే తిరుగుబాట్లను, ఒకే వరుసగా పరిశీలించి, బయటి అధికారం కొండల లోపలికి చొచ్చుకువచ్చిన ప్రతిసారీ వచ్చిన ప్రతిఘటనగా వాటిని వివరించాడు.

అదే కాలంలో ఇంగ్లండులో జరిగినది గమనిస్తే ఈ వ్యవహారం అడవి మనుషుల మొండితనం కాదని తేలుతుంది. 1880లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం తెచ్చిన చట్టం ప్రకారం ఇంటి వాడకానికి బీరు కాచుకునే ఆంగ్లేయుడు కూడా లైసెన్సు తీసుకోవలసి వచ్చింది; ఆ నిబంధనను 1963 వరకు ఎత్తివేయలేదు. అమెరికాలో 1920 నాటి మద్యనిషేధం 1933లో రద్దయినప్పుడు ఇంట్లో ద్రాక్షసారా చేసుకోవడానికి అనుమతి దొరికినా ఇంటి బీరుకు దొరకలేదు. 1978 అక్టోబర్ 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతోనే, ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు, అంటే సుమారు 750 లీటర్ల బీరు అమ్మకుండా కాచుకోవడానికి కేంద్ర ప్రభుత్వపు పన్ను మినహాయింపు లభించింది. ఆ తరువాత అక్కడ ఇంటి బీరు కాచేవారు సంఘాలుగా కూడి, ఒకరు కాచినది ఒకరికి రుచి చూపిస్తూ, ఏ బీరుకు ఏ వంట నప్పుతుందో చర్చించుకోవడం ఒక సంస్కృతిగానే వర్ధిల్లింది. అమెరికా 1978లో గుర్తించిన హక్కు కోసం రంప కొండరెడ్డి దాదాపు 100 ఏళ్ళ ముందే విల్లు పట్టాడని చెప్పడంలో అతిశయోక్తి లేదు, ప్రపంచ చరిత్రలో ఆ పోరాటానికి దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదు.

కొండల చరిత్రలో దీనికి ఎదురుగా కనిపించే మరో స్వరం కూడా ఉంది, దానినీ అంతే గౌరవంతో వినాలి. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి చేసి, అక్టోబర్ 15న పట్టపగలే అడ్డతీగలకు వచ్చాడు. తిరుగుబాటుకు ముందు ఈ కొండల్లో ఊరూరా తిరిగినప్పుడు ఆయన గిరిజనులకు చెప్పిన మాటల్లో తాగుడు మానమన్నది ప్రధానమైనది, తగవులు కోర్టులకు పోకుండా పంచాయతీల్లోనే తీర్చుకోమన్నది దానికి తోడు. 1879 నాటివారు కల్లు హక్కు కోసం పోరాడితే 1922 నాటి నాయకుడు కల్లు వద్దన్నాడంటే పైకి వైరుధ్యంలా తోచవచ్చు. అయితే ఆ 40 ఏళ్ళలో పాటల పద్ధతి ద్వారా మత్తు సర్కారు ఆదాయమైపోయింది, తాగినవాడి చేతి సొమ్ము అతన్ని అణచే యంత్రాంగానికే చేరుతున్నది. సహాయ నిరాకరణ గాలి వీస్తున్న రోజుల్లో ఆ ఆదాయాన్ని ఎండగట్టడం కూడా పోరాటమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేకోద్యమంలో స్త్రీలు తరిమికొట్టింది కూడా ప్రభుత్వం పాటలు పెట్టి ఊరూరా పంపిన సారానే. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది.

ఇంటి కల్లు వేరు, పాటల సారా వేరు అన్న ఈ వివేకం చట్టంలోకి రావడానికి చాలాకాలం పట్టింది. 1970ల మధ్యలో కేంద్ర ప్రభుత్వం గిరిజన ప్రాంతాల ఎక్సైజ్ విధానంపై మార్గదర్శకాలు ఇస్తూ, అక్కడ వ్యాపార దుకాణాలను ఎత్తివేయాలనీ, గిరిజనులు తమ ఇంటి అవసరానికి తమ సంప్రదాయ పానీయాలు తయారుచేసుకోవచ్చనీ సూచించింది. 1996లో వచ్చిన పెసా చట్టం, అంటే షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీరాజ్ వ్యవస్థను విస్తరించిన చట్టం, మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే లేదా నియంత్రించే అధికారం గ్రామసభకూ పంచాయతీకీ ఉండేలా చూడమంది. ఆంధ్రప్రదేశ్ ఇందుకు నియమావళిని 2011లో రూపొందించింది. ఏ గూడెంలో కల్లు కూడిక ఆరోగ్యకరంగా ఉందో, ఏ గూడెంలో ఇళ్ళు కూలుస్తున్నదో ఆ గూడెపు స్త్రీలకు తెలిసినంతగా ఏ అధికారికీ తెలియదు. కాబట్టి ఈ అధికారం కాగితం దాటి గ్రామసభ చేతికి నిజంగా రావడం అవసరం. నిత్యం తాగేవారి కాలేయానికి, కడుపుతో ఉన్న తల్లికి, ఎదిగే పిల్లలకు కల్లు కూడా హాని చేస్తుందన్నది వైద్యులు చెప్పే నిజమే. ఆ నిజాన్ని గూడెం భాషలో, గూడెం మనుషుల చేత చెప్పిస్తేనే చెవికి ఎక్కుతుంది.

గూడేల్లో కల్లు పంపకం ఎంతటి నమ్మకం మీద నిలిచి ఉందో 2022 ఫిబ్రవరిలో జరిగిన విషాదం చూపించింది. అడ్డతీగల పొరుగున ఉన్న రాజవొమ్మంగి మండలం లోదొడ్డిలో చెట్టు నుంచి దించిన జీలుగు కల్లు తాగి అయిదుగురు గిరిజనులు ప్రాణాలు కోల్పోయారు. అందులో విషం కలిసి ఉండవచ్చన్న అనుమానం వ్యక్తమైంది. జీలుగు కుండ రాత్రంతా అడవిలో కాపలా లేకుండా వేలాడుతుంది, ఎవరూ దానికి తాళం వేయరు, తెచ్చి పోసినవాడిని ఎవరూ అనుమానించరు. ఆ తరువాత చుట్టుపక్కల గూడేలవారు దొప్ప పట్టేముందు ఒక క్షణం ఆగి ఉంటే ఆశ్చర్యం లేదు. పట్టణాల కల్లు దుకాణాల్లో మత్తుమందు పొడులు కలుపుతున్నారన్న కేసులు తరచుగా వార్తలకు ఎక్కుతుంటాయి. కొండల్లో అలాంటి కల్తీకి చోటు లేకపోవడానికి కారణం పోసేవాడూ తాగేవాడూ ఒకే ఊరివారు కావడం, పోసినవాడు తానూ అదే బుర్రలోంచి తాగడం.

ఇప్పుడు జీలుగుకు వచ్చిన అసలు ముప్పు కరువులోనూ చట్టంలోనూ లేదు. వెదురు మెట్ల మీద ఎక్కే కుర్రవాళ్ళు తగ్గుతున్నారు, పోడు స్థానంలో వచ్చిన జీడిమామిడి తోటల్లో జీలుగు మొలకకు చోటు దొరకదు. రంపచోడవరం దగ్గరి పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో తాటి, జీలుగు నీరా మీద పరిశోధనలు జరుగుతున్నాయి. సున్నం పూసిన కుండలోనో చల్లదనంలోనో నీరాను పులియకుండా పట్టి, కాచి, జీలుగు బెల్లం చేస్తే ఆ చెట్టు ఊట నిలవ సరుకై గిరిజనుడికి నగదు తెస్తుంది. ఇది మంచి మార్గమే. కాకపోతే బెల్లం ధర పలికేకొద్దీ ప్రతి చెట్టు ప్రతి గెలనూ గీయాలన్న ఒత్తిడి పెరుగుతుంది, గీసిన గెల కాయ కాయదు. జీలుగు కాయల తొక్కలో ఒంటికి తగిలితే దురద పెట్టే సన్నని స్ఫటికాలు ఉండడం వల్ల మనిషి వాటిని ఏరుకోవడానికి వెనకాడతాడు. ఆ పండ్లు తిని గింజలను అడవిలో దూరదూరంగా విసర్జించే పునుగుపిల్లులూ పక్షులే ఇంతవరకు జీలుగు నాటుతూ వచ్చాయి. ఊట తక్కువగా ఉండే చివరి గెలల్లో ఒకదానినైనా కాయకు వదలాలని గూడేలే కట్టడి చేసుకోవాలి, చేతి తొడుగులతో గింజలు సేకరించి నర్సరీల్లో మొలకెత్తించే పనిని ఐటీడీఏ, అంటే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, చేపట్టాలి. ఈ వానకాలంలో నాటిన మొక్క తొలి గెల వేయడానికి 10 నుంచి 15 ఏళ్ళు పడుతుంది, దాని కల్లు తాగేవారు ఇప్పుడు గూడెం బడిలో అక్షరాలు దిద్దుతున్న పిల్లలు.